కుడిపక్క ‘సరే’

మా అంగడికి వచ్చేవాళ్ళందరూ కంప్యూటర్ చెడిపోయిందని వస్తారు. లోకేశ్వరి ఒక్కతే, చెడిపోయింది తనేమో చూడమని వచ్చింది.

తిరుచానూరులో అమ్మవారి గుడికి పోయే దారిలో పూలంగళ్ళు దాటాక ఒక సందు ఉంది. ఆ సందు మొదట్లో ఉన్న కంప్యూటర్ రిపేరు అంగడి నాది. నా పేరు ఏబెల్. బోర్డు మీద పేరు చదివి కొందరు యాత్రికులు గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతారు, అంతలోనే టికెట్ల జిరాక్సు గుర్తొచ్చి లోపలికి వచ్చేస్తారు. చుట్టుపక్కల లాడ్జిల కంప్యూటర్లన్నీ నేనే చూస్తాను. నాకు ఓపిక తక్కువని ఈ వీధిలో పేరు. ఉన్న మాటే. ప్లగ్గు పెట్టకుండా కంప్యూటర్ వెలగడం లేదని ఫోన్ చేసేవాళ్ళతో రోజూ మాట్లాడి చూడండి, మీకెంత ఓపిక మిగులుతుందో.

మా అంగడికి ఎదురు వరసలో మునిరామయ్య గారి లాడ్జి ఉంది. అందులో రిసెప్షన్‌లో కూర్చునేది లోకేశ్వరి. నలభై దాటిన మనిషి. వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఆమె భర్త అక్కడే మామిడి తోటల్లో కాపలా, మందు కొట్టే పనులు చూసుకుంటాడు. ఒక కూతురు, చదువుకుంటోంది. లాడ్జిలో కంప్యూటర్ పెట్టిన రోజు నుంచి దాని ముందు కూర్చున్నది లోకేశ్వరే. అంతకుముందు ఆమె కంప్యూటర్ ముట్టుకుని ఎరగదు. నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రోగ్రాము మీదే.

ఆమె జ్ఞాపకశక్తి ఎలాంటిదో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. రాత్రి దిగిన కుటుంబం పొద్దున కొండకు పోయి, అందరూ గుండ్లు చేయించుకుని, చందనం పూసుకుని తిరిగొస్తుంది. నాకైతే తాత ఎవరో మనవడు ఎవరో కూడా తెలియదు. లోకేశ్వరి మాత్రం వాళ్ళు మెట్లెక్కుతుండగానే తాళంచెవి తీసి పట్టుకుంటుంది. అదెలాగని అడిగితే, నడక మారదు కదన్నా అంది.

ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు వాళ్ళమ్మ వసంతమ్మ ఆ చేతి మీద గరిటె కాడతో కొట్టి కొట్టి, అన్నం తినడం వరకు కుడిచేతికి మార్పించగలిగింది. రాయడం మాత్రం మారలేదు. లాడ్జిలో ఉద్యోగం కాబట్టి తాళంచెవి కుడిచేత్తోనే ఇవ్వాలి. ఎడమచేత్తో ఇస్తే మొహం మాడ్చుకునే యాత్రికులు ఇప్పటికీ ఉన్నారు. అందుకని ఎడమచేత్తో మౌసు పట్టుకుని, కుడిచేత్తో తాళం అందిస్తూ, నోటితో ఉచిత దర్శనం క్యూ ఎటో చెబుతూ ఉంటుంది. మూడు పనులూ ఒకేసారి జరుగుతాయి. చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది.

వసంతమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిత్తూరులో కోర్టు వీధిలో ఒక మెస్సులో ఆమె వంటమనిషి. భర్త తొందరగా పోయాడు. వకీళ్ళు, గుమాస్తాలు, వాయిదాలకొచ్చిన రైతులు ఆమె చేతి రసం తాగి పెరిగినవాళ్ళే. కేసు ఓడిపోయినవాడు కూడా మధ్యాహ్నం అక్కడ తిని కాస్త కుదుటపడి ఊరికి పోయేవాడట. మెస్సు మూతపడ్డాక, మోకాళ్ళు పట్టేశాక, కూతురి దగ్గరికి వడమాలపేట వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే తేడా మొదలైంది. ఇంటికొచ్చిన చుట్టాలకు ఉప్పు కాఫీ ఇచ్చింది. రసంలో చక్కెర వేసింది. కాఫీలో ఉప్పేమిటని అడిగితే, నేను చక్కెరే ఏసినాను, మీ నాలుకలకే ఏదో అయినాది పొమ్మంది. ఆ తర్వాత మనుషుల పేర్లు కూడా తారుమారు చేయడం మొదలుపెట్టింది. డాక్టరు మతిమరుపు అన్నాడు, వయసు అన్నాడు. ఇంట్లోవాళ్ళు భయపడి ఆమెను స్టవ్వు దగ్గరికి రానివ్వడం మానేశారు. అంతమందికి వండిపెట్టిన మనిషి వాకిట్లో కూర్చుని పక్కింటి తాలింపు వాసన చూస్తూ, ఆవాలు మాడినాయి అనేదట. లోకేశ్వరి ఈ మాట నాకు చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇక ప్రోగ్రాము సంగతి. దాన్ని రాసినవాడు ధనశేఖర్. తిరుపతి కుర్రాడు, తెలివైనవాడు, మాట నెమ్మది. చదువైపోగానే సొంతంగా లాడ్జిల కోసం ఒక ప్రోగ్రాము తయారుచేసుకుని, అందరికంటే ముందు మునిరామయ్య గారి దగ్గరికే తెచ్చాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. రూము బుక్ చేస్తే చివర్లో ఒక చిన్న పెట్టె వస్తుంది. ఖాయం చేయాలా అని అడుగుతుంది. కింద రెండు బటన్లు, ఎడమపక్క ‘సరే’, కుడిపక్క ‘వద్దు’. మునిరామయ్య గారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

“అంతా బాగుండాదప్పా. ‘సరే’ మాత్రం కుడిపక్క పెట్టు. శుభమైన మాట ఎడంపక్క పెట్టి రూము ఇచ్చేదెట్లా?” అన్నారు.

మొదటి గిరాకీ. ధనశేఖర్ కాదనగలడా? అక్కడికక్కడే రెండు బటన్లూ అటుదిటు మార్చేశాడు. ఆ తర్వాత వీధిలో మిగతా లాడ్జిలవాళ్ళు కూడా అదే కావాలన్నారు. అలా ఈ చుట్టుపక్కల ‘సరే’ ఏళ్ళ తరబడి కుడిపక్కనే ఉండిపోయింది. లోకేశ్వరి చేయి కూడా దానికి అలవాటు పడింది. చూసి నొక్కే దశ ఎప్పుడో దాటిపోయింది. చేయి దానంతటదే పోయేది.

ఈ ఏడు పెళ్ళిళ్ళ ముహూర్తాలు మొదలయ్యాక కథ అడ్డం తిరిగింది.

చిత్తూరు నుంచి ఒక మామిడి మండీ వ్యాపారి కుటుంబం పెళ్ళికని వచ్చింది. ముందే ఫోన్ చేసి రూములు చెప్పుకున్నారు. తీరా వచ్చి నిలబడితే కంప్యూటర్లో వాళ్ళ పేరే లేదు. లాడ్జి అంతా నిండిపోయి ఉంది. పెళ్ళికూతురు పూలజడతో మా అంగడి ముందు సూట్‌కేసు మీద కూర్చుంది. మా ఆవిడ ఆ పిల్లకు మంచినీళ్ళు ఇచ్చి, ఫ్యాను ఆ వైపు తిప్పింది. లోకేశ్వరి చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వీధిలో ఉన్న లాడ్జిలన్నీ తిరిగి, ఎలాగో తలో చోట రూములు కుదిర్చింది. పెళ్ళి జరిగిపోయింది. పెళ్ళికూతురి తండ్రి పోతూ పోతూ, పని చేతకాకపోతే ఇంట్లో కూర్చోవాల అని ఆమె మొహాన్నే అనేసి పోయాడు.

అది మొదటిది. తర్వాత మరికొన్ని జరిగాయి. అన్నీ ఫోన్లో చెప్పుకున్న రూములే. మనిషి ఎదురుగా ఉంటే రసీదు ప్రింటవుతుంది, కాబట్టి అది రాకపోతే వెంటనే తెలిసి, సరిగా నొక్కలేదనుకుని మళ్ళీ కొడతారు. ఫోన్ బుకింగ్‌కు అదేమీ లేదు. అన్నీ పోయి ఉంటే మిషన్ చెడిపోయిందనుకోవచ్చు. కొన్ని ఉంటున్నాయి, కొన్ని పోతున్నాయి. పైగా అప్పుడే కొత్తగా చేరిన నిస్సీ చేసిన బుకింగులు ఒక్కటి కూడా పోవడం లేదు. నిస్సీ మా చర్చి పిల్లే. డిగ్రీ అయ్యాక నా మాట మీదే మునిరామయ్య గారు పనిలో పెట్టుకున్నారు.

మునిరామయ్య గారు తిట్టే మనిషి కాదు. తిట్టి ఉంటే లోకేశ్వరి తట్టుకునేది. ఆయన మెత్తగా, బాగా అలిసిపోయినావమ్మా, కొన్నాళ్ళు ఫోను ఆ పాపకు వదిలేసి దుప్పట్లూ చాకలి పద్దూ చూసుకోరాదా అన్నారు. ఆమె సరే సార్ అంది. మరునాడు మధ్యాహ్నం, యాత్రికులు అన్నాలకు పోయి వీధి కాస్త పలచబడ్డ వేళ, మా అంగట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

నేను ఒక కీబోర్డు విప్పి దుమ్ము దులుపుతున్నాను. తల ఎత్తకుండానే ఏం పాడైందమ్మా అన్నాను.

“అన్నా, మనం చేసిన పనికి కంప్యూటర్లో ఏమన్నా ఆనవాలు ఉంటాదా?” అంది.

ఎందుకని అడిగాను.

“నేను ఆ పెండ్లోళ్ళకు రూములు ఏసినట్టు నాకు బాగా గుర్తుండాది. పేరు కొట్టినాను, ఊరు కొట్టినాను. కంప్యూటర్ లేదంటాది. మా అమ్మా ఇట్లనే అంటాదన్నా. కాఫీలో చక్కెరే ఏసినానంటాది.”

అప్పుడు తల ఎత్తాను. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయిన మొహం అది. కొన్ని రోజులుగా బస్సులో కూర్చుని చిన్నప్పటి క్లాసులో హాజరు పిలిచిన వరసలో పేర్లన్నీ తనకు తానే చెప్పుకుంటోందట. ఒక్క పేరు తట్టకపోయినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మకు వచ్చిందే నాకూ వచ్చినట్టుంది, కూతురికి తెలిస్తే దానికీ వస్తుందని భయపడుతుంది అంది. రేపో మాపో లాడ్జివాళ్ళు మానిపించకముందే నేనే మానేస్తాను, పోయే ముందు ఒక్కటి తెలుసుకోవాలి, నేను చేశానా లేదా అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. గుండు చేయించుకున్న మనుషుల్ని నడక చూసి గుర్తుపట్టే మనిషికి మతి పోవడమేమిటి? స్క్రూడ్రైవరు పడేసి, పద చూద్దాం అన్నాను.

లాడ్జి కౌంటర్లో ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఉత్తుత్తి పేరు పెట్టి ఒక బుకింగ్ చేయమన్నాను. చేసింది. చాలా నెమ్మదిగా, ప్రతి అక్షరం వేలితో చూపించుకుంటూ, చివరి పెట్టె రాగానే రెండు బటన్లూ చదివి మరీ నొక్కింది. బుకింగ్ చక్కగా పడింది. మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ పడింది. కంప్యూటర్లో ఏ లోపమూ లేదు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోను. మిషన్ బాగుంది అంటే చెడింది తనే అన్నమాట.

ఇంకొక్కసారి చెయ్యమ్మా అన్నాను. ఆమె టైపు చేస్తుండగా ఒక కుటుంబం మెట్లెక్కి వచ్చింది. నున్నటి గుండ్లు, చందనం. ముందున్న పెద్దాయనను చూడగానే లోకేశ్వరి కుడిచేయి తాళంచెవుల బోర్డు మీదికి పోయింది. దర్శనం బాగా అయినాదా అని అడుగుతూ తాళం అందించింది. అంతసేపూ ఎడమచేయి దాని పని అది చేసుకుపోతోంది. పెట్టె వచ్చింది. మౌసు కుడిపక్కకు జారింది. నొక్కింది. పెట్టె మూసుకుపోయింది. మామూలు పేజీ వచ్చింది.

నేను ఆ పేజీ వంక చూస్తూ ఉండిపోయాను. పేరు పడలేదు.

ఆ కుటుంబం లోపలికి పోయాక, ఇందాకటి పని మళ్ళీ చెయ్యి, పెట్టె వచ్చాక ఆగు అన్నాను. ఆగింది. స్క్రీను మీద కుడిపక్క బటను వేలితో చూపించి, చదువు అన్నాను.

“వద్దు,” అని చదివింది. తర్వాత దాని పక్కది చదివింది. “‘సరే’ ఈడ ఉండాదేంది? కుడిపక్క కదా ఉండాల?”

ఎప్పుడూ అక్కడే కదా ఉండేది అని తనే మళ్ళీ అంది. బటన్లు అటుదిటు మారిపోయాయి. ఆమె చేయికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫోన్లో మాట్లాడుతూ ఒక్కోసారి ఆమె మౌసు జోలికి పోకుండా ఎంటర్ కొట్టేదట. ఎంటర్ కొడితే ఎప్పుడైనా ‘సరే’ కిందే లెక్క. ఆ బుకింగులు నిలబడ్డాయి. మౌసుతో నొక్కినవన్నీ పోయాయి. ‘సరే’ అన్నా ‘వద్దు’ అన్నా పెట్టె ఒకేలా మూసుకుని ఒకే పేజీకి పోతుంది. ఇక ఎలా తెలుస్తుంది?

నేను ధనశేఖర్‌కు ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. అవి ఇక్కడ రాయను. పాపం, అరగంటలో బండి మీద వచ్చేశాడు.

వాడు చెప్పింది కూడా కొట్టిపారేయలేం. తప్పు ఇంతకుముందు ఉండేది, ఇప్పుడు సరిచేశాను అన్నాడు. విండోస్ కంప్యూటర్లలో ‘సరే’ ముందు, ‘వద్దు’ తర్వాత వస్తుందట. అన్ని ప్రోగ్రాములూ అదే వరస పాటిస్తాయి. ఆపిల్ కంప్యూటర్లలో అయితే ఖాయం చేసే బటను కుడి చివరన ఉంటుందట. మునిరామయ్య గారు తనకు తెలియకుండానే ఆపిల్ పద్ధతి అడిగారన్నమాట. ఆ మధ్య తిరుపతిలో ఒక కొత్త హోటలువాళ్ళు ఈ ప్రోగ్రామే తీసుకున్నారు. అక్కడ పనిచేసే పిల్లలందరూ కాలేజీలో విండోస్ మీద నేర్చుకున్నవాళ్ళు. బుకింగ్ చేయబోయి ‘వద్దు’ నొక్కేస్తున్నారని గోల. వాళ్ళ కంప్యూటర్ ఏ వరస పాటిస్తుందో నా ప్రోగ్రామూ ఆ వరసే పాటించాలి, నేనే పెద్ద పొరపాటు చేశాను అనుకుని, మార్చి, ఇంటర్నెట్ మీదుగా అన్ని లాడ్జిలకూ ఒకేసారి పంపించేశాడు. నిస్సీ పక్కన నిలబడి తల ఊపింది. తనకు మొదటి రోజు నుంచీ ఎడమపక్కే సులువుగా ఉందని మెల్లగా చెప్పింది.

“కండ్ల ముందరే రాసుండాది కదన్నా, చదివి నొక్కుతారనుకున్నా,” అన్నాడు ధనశేఖర్.

మీ ఇంట్లో చీకట్లో లైటు వేసుకునేటప్పుడు స్విచ్చి చదివే వేస్తున్నావా అని అడిగాను. ఇంకా అందామనుకున్నాను గానీ లోకేశ్వరి చేయి అడ్డం పెట్టింది.

“ఎప్పుడు మార్చినావప్పా?” అని అడిగింది.

ఉగాది అయిన మరుసటి వారం అన్నాడు.

“దానికి ముందర ఎప్పుడన్నా ఒక్క బుకింగ్ పోయినాదా?”

ఏ బటను నొక్కినా ప్రోగ్రాము లోపల రాసుకునే పద్దు తెరిచి వాడు వెతికాడు. ఏళ్ళ వెనక్కి పోయి చూశాడు. మునిరామయ్య గారు కూడా లోపలి నుంచి వచ్చి వాడి వెనకే నిలబడ్డారు.

“లేదక్కా. ఒక్కటీ పోలేదు,” అన్నాడు.

లోకేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఉద్యోగం నిలబడిందన్న ఏడుపు కాదది. తనను తనకు తిరిగిచ్చినట్టయింది, అందుకని ఏడ్చింది. నిస్సీ ఆమె భుజం పట్టుకుంది. మునిరామయ్య గారు గోడ మీదున్న అమ్మవారి పటం వంకర సరిచేశారు. ధనశేఖర్ మొహంలో మాత్రం నెత్తురు లేదు. మంచి చేయబోయి ఒక మనిషిని ఇంత దూరం నెట్టానా అని వాడికి అప్పుడే అర్థమైంది. ఇప్పుడే వెనక్కి మార్చేస్తానక్కా, పాత పద్ధతిలోనే పెట్టేస్తాను అన్నాడు.

లోకేశ్వరి కళ్ళు తుడుచుకుని నిస్సీ వైపు చూసింది. తర్వాత వద్దంది.

“అంతటా ఎట్లుంటే అట్లనే ఉండనీప్పా. ఈ పాప రేపు ఇంకో తావ పనికి పోతే ఆడా ఇట్లనే ఉంటాది. నా చెయ్యి నేర్చుకుంటాదిలే, దానికి ఇది కొత్తేం కాదు. కానీ మార్చేముందర మాతో ఒక మాట చెప్పు. చెప్పకుండా మారిస్తే మనిషి తన్నే అనుమానించుకుంటాది.”

వాడు తల వంచుకుని సరే అన్నాడు. ఇకమీద ఏది మార్చినా ప్రోగ్రాము తెరవగానే తెలుగులో పెద్ద అక్షరాలతో చెబుతానన్నాడు. ‘వద్దు’ నొక్కితే ఊరికే మూసుకోకుండా, రాసిందంతా పోతుంది, నిజంగా వద్దా అని అడిగేలా చేస్తానన్నాడు. చేశాడు కూడా.

మునిరామయ్య గారికి మాత్రం ‘సరే’ ఎడమపక్క ఉండటం మింగుడు పడలేదు. అంత శుభమైన మాట అని గొణిగారు. ధనశేఖర్ కాస్త ఆలోచించి, గుళ్ళో దేవుడికి కుడిపక్క అంటే చూసే మనకు ఎడమపక్కే కదా సార్, కంప్యూటర్ మన ఎదురుగా ఉంది, దానికి అది కుడిపక్కే అన్నాడు. పెద్దాయన స్క్రీను ఎదుట నిలబడి, ఒకసారి అటు తిరిగి, ఒకసారి ఇటు తిరిగి, లెక్క కుదిరిందనుకున్నాక లోపలికి పోయారు. వీడు బతకనేర్చినవాడే అనుకున్నాను.

ఆ రోజు లోకేశ్వరి తొందరగా ఇంటికి బయలుదేరింది. బస్సు కోసం మా అంగడి ముందు నిలబడి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టుగా గాల్లో చేతులు కదుపుతోంది. ఏమిటమ్మా అన్నాను.

“మా వంటిల్లు నా చెయ్యికి తగినట్టు సర్దుకున్నానన్నా. ఉప్పు ఎడంపక్క, చక్కెర కుడిపక్క. మెస్సులో అమ్మకు ఉప్పు జాడీ కుడిపక్క ఉన్నింది. నేను చిన్నప్పుడు ఆ జాడీ పక్కనే కూర్చొని చదువుకున్నాను, నాకు తెలుసు. అమ్మ చెయ్యి కూడా దాని పాటికి అది పొయ్యుంటాదన్నా. నేనేమో మతి పోయినాదని వాకిట్లో కూర్చోబెట్టినాను.”

డాక్టరు చెప్పాడు కదమ్మా, పేర్లు కూడా మరిచిపోతోంది కదా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అది నిజమే, కానీ ఉప్పు సంగతి వేరేమో, అడగనే లేదు కదా నేను అంది. బస్సు వచ్చింది, ఎక్కి పోయింది.

తర్వాత కొన్ని వారాలకు ఒక ఆదివారం చర్చి అయ్యాక నేను వడమాలపేట పోయాను. లోకేశ్వరి కూతురి చదువు కోసం నా దగ్గర పాత కంప్యూటర్ ఒకటి అడిగింది, అది బిగించిరావాలి. ముందు గదిలో తీగలు కలుపుతుంటే వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చింది. ఆవాలు మాడలేదు. కాసేపటికి వసంతమ్మ గోడ పట్టుకుని నడుస్తూ కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చింది.

“వాయిదా పడినాదా నాయనా?” అని అడిగింది. నన్ను కోర్టుకొచ్చిన మనిషిని అనుకున్నట్టుంది.

పడిందమ్మా అన్నాను.

“ఎప్పుడూ అంతే. అన్నం తినేసి పో,” అంది.

కాఫీ భయపడుతూనే నోట్లో పోసుకున్నాను. చక్కగా తియ్యగా ఉంది. గ్లాసు ఇవ్వడానికి వంటింటి గుమ్మం దాకా పోయి చూశాను. స్టవ్వుకు కుడిపక్క ఒక పాత ఉప్పు జాడీ, ఎడమపక్క దూరంగా చక్కెర డబ్బా. అమ్మకు ఏమీ చెప్పలేదనీ, ఆ రోజే డబ్బాలు మార్చి, మరునాడు రసం నువ్వు పెట్టమ్మా అని మాత్రం అన్నాననీ లోకేశ్వరి నాతో మెల్లగా చెప్పింది. అన్ని రోజులూ బాగుండవు. కొన్ని రోజులు అమ్మ తనను పెద్దమ్మ కూతురి పేరు పెట్టి పిలుస్తుందట. రసం మాత్రం చెడలేదట.

చెబుతూనే పప్పులో ఉప్పు వేయబోయింది. మాటల్లో ఉంది కదా, ఎడమచేయి దాని అలవాటున అది ఎడమపక్కకు పోయి చక్కెర డబ్బా మూత తీసింది. చెంచా నిండా తీసింది కూడా. వసంతమ్మ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. అప్పుడెప్పుడో గరిటె కాడతో కొట్టిన చెయ్యే అది.

“అది చక్కెర మే. యాడ పెట్టినావు మనసు? ఇంత చిన్న వయసుకే మతిమరుపొచ్చినాదా నీకు?” అంది.

లోకేశ్వరి నా వైపు చూసి నవ్వింది. లేదమ్మా, నేర్చుకుంటాండా అని చెంచా డబ్బాలో వంచేసి, ఉప్పు కోసం అమ్మ వెనక నుంచి కుడిపక్కకు వెళ్ళింది.